సూర్యుణ్ణి నిలదీసిన మా బావ

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం అది. తాండూరు నుంచి పొద్దున వచ్చే పాసింజరులో మా బావ పాత విద్యార్థి ఒకాయన వికారాబాదులో దిగి, నేరుగా నేను పనిచేసే బడికి వచ్చాడు. నేను మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చదివిస్తున్నాను. ఆయన గడప బయట చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. నేను బయటికి వెళ్ళాను.

“అమ్మా, సార్ పోయిండు. నిన్న పొద్దుగూకుతుంటే వాకిట్ల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. మిమ్ముల తోలుకరమ్మని మీ అక్క చెప్పింది,” అన్నాడు.

నేను లోపలికి వచ్చి పిల్లల్ని ఇళ్ళకు పొమ్మన్నాను. నల్లబల్ల తుడిచాను. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నానని ఒక పిల్ల చెబితే గాని తెలియలేదు.

ఆయన మా అక్క భర్త. తాండూరు హైస్కూల్లో ఇరవై ఏళ్ళపాటు సైన్సు చెప్పిన సారు. ఇది చదివేవాళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. ఈ రెండేళ్ళలో మాత్రం ఆయన పేరు ఎత్తినవాళ్ళెవరూ ఆయన పాఠాల గురించి మాట్లాడలేదు. సూర్యుణ్ణి చూసి చూసి సారుకు మతి పోయిందన్నారు. భూకంపం వస్తుందని ఊరిని బెదిరిస్తున్నాడన్నారు. నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఏం జరిగిందో దగ్గరగా చూసినదాన్ని. చూసింది చూసినట్టు చెబుతాను.

బావది కోట్‌పల్లి పక్కన చిన్న ఊరు. మేము కురుమలం. వాళ్ళ నాయినా మా నాయినా ఒకే బీళ్ళలో గొర్రెలు కాసినవాళ్ళు. మా రెండిళ్ళలో హైదరాబాదు పోయి చదువుకున్న మొదటి మనిషి బావే. పోలీసు యాక్షన్ అయి బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడు ఆయనకు తాండూరులో ఉద్యోగం వచ్చింది. నన్ను చదివిస్తానని అక్క తన వెంట తీసుకుపోయింది. అప్పటికి వాళ్ళకు ఒక్కతే బిడ్డ, ఇంకా సరిగా మాటలు రాని వయసు. ఆ తర్వాత వాళ్ళకు మళ్ళీ పిల్లలు కాలేదు. నేను ఆ పిల్లకు వరసకు చిన్నమ్మనే గాని, ఇద్దరం అక్కచెల్లెళ్ళలా ఒకే గొంగడి కింద పడుకుని పెరిగాం.

నిజాం కాలంలో బావ చదివిన సైన్సంతా ఉర్దూలోనే. ఆయన నోట భూకంపం జల్‌జలా, టెలిస్కోపు దుర్బీన్. కొన్నాళ్ళకు పాఠాలు తెలుగులో చెప్పాలన్నారు. ఆయనకు విషయం తెలుసు, మాట తెలియదు. సాయంత్రం అక్క జొన్నరొట్టెలు చేస్తుంటే పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు.

“సూర్యుని మీద నల్లగ మచ్చలుంటయి. వాటిని తెలుగుల ఏమనాలె?” అని అడిగాడు ఒకరోజు.

“మచ్చలని నువ్వే అంటున్నవు గద. మచ్చలనే చెప్పు,” అంది అక్క, రొట్టె తిప్పుతూ.

ఆ మచ్చల దగ్గర ఒక్కొక్కసారి మంట ఉన్నట్టుండి భగ్గున లేస్తుందనీ, దానికీ ఒక మాట కావాలనీ అన్నాడు. అక్క కట్టెను పొయ్యిలోకి ఎగదోసింది. నిప్పురవ్వలు చిటపటలాడుతూ లేచాయి. ఇట్లనా అని అడిగింది. మర్నాడు తరగతిలో ఆయన సూర్యుడి రవ్వ అనే చెప్పాడు. తర్వాత వచ్చిన పుస్తకాల్లో సౌరజ్వాల అని ఉంది. పరీక్షలో అది రాయండి, అర్థం కావడానికి ఇది గుర్తుపెట్టుకోండి అనేవాడు.

హైదరాబాదులో పాత సామాన్ల బజారులో ఆయనకొక ఇత్తడి దుర్బీన్ దొరికింది. ఇంట్లో పడమటి గది కిటికీ మూసి, దాని తలుపు చెక్కకు చిల్లు పెట్టి, అందులోంచి దుర్బీన్ పెట్టేవాడు. ఎదుటి సున్నపు గోడ మీద జొన్నరొట్టెంత సూర్యుడు పడేవాడు. ఆ తెల్లటి గుండ్రంలో మిరియపు గింజల్లా మచ్చలు కనిపించేవి. ఎవరైనా ఆ గొట్టానికి కన్ను ఆనించబోతే మాత్రం చెయ్యి పట్టుకుని లాగేసేవాడు. బడిలో బెత్తం ముట్టని మనిషి, ఆ ఒక్క విషయంలో కొడతానని బెదిరించేవాడు.

సూర్యుడి రవ్వ గోడ మీద కనిపించదు. అది ఎగిరిందని తెలిసేది రేడియో వల్ల. ఊళ్ళో రీడింగు రూములో ఒక పెద్ద రేడియో ఉండేది. మధ్యాహ్నం పూట దూరదేశపు స్టేషన్లు పాడుతూ పాడుతూ ఒక్కసారిగా మూగబోయేవి. రేడియో చెడిపోయిందని అక్కడివాళ్ళు దాన్ని తట్టేవాళ్ళు. బావ నవ్వి, దాన్ని కొట్టకండి, సూర్యుడు మండిండు, జర సేపట్ల అదే వస్తది అనేవాడు. గంటో అరగంటో అయ్యాక నిజంగానే పాట వచ్చేది.

ఆయనలో అందరికీ నచ్చిన అలవాటు ఒకటుంది. తెలియనిది తెలియదనేవాడు. ఆ రోజుల్లో అలా అనే సార్లు మాకు తెలియదు. మేం ఏదడిగినా అదురూ బెదురూ లేకుండా, నాకు తెల్వదు, రేపు చూద్దాం అనేవాడు. ఒకసారి మా తరగతిలో ఒక పిల్లవాడు, సూర్యుడి రవ్వలకు రేడియో ఆగితే, భూమి కూడా కదులుతుందా, జల్‌జలా వస్తుందా అని అడిగాడు. నాకది ఇవాళ్టికీ వినబడుతుంది. బావ సుద్దముక్క చేతిలో తిప్పుతూ ఇలా అన్నాడు: “కొందరు వస్తదంటరు. కొందరు రాదంటరు. వెతుకుతున్నరు. నాకైతే తెల్వదు.”

మా ఇద్దర్నీ ఒకసారి అనంతగిరి తీసుకుపోయాడు. మూసీ పుట్టే చోట, చెట్ల కింద, ఒక బండ మీద కూర్చుని అటుకులు తిన్నాం. బిడ్డకు అప్పుడు ఏడెనిమిదేళ్ళు. అస్సాంలో భూమి కదిలి కొండలే విరిగిపడిన సంగతి బడిలో విన్నది. ఇక్కడా అట్లా అవుతుందా నాయినా అని అడిగింది. బావ ఆ బండను అరచేత్తో తట్టాడు.

“గీ రాయి మస్తు ముసలిది బిడ్డా. కదిలే వయసు దీనికి ఎప్పుడో అయిపోయింది.”

అప్పట్లో పుస్తకాలూ అదే చెప్పేవి. మన దక్కను నేల గట్టిది, భూకంపాలు హిమాలయాల దగ్గర వస్తాయి గాని ఇక్కడ రావు అని. ఆయన కల్పించి చెప్పలేదు.

అరవై రెండులో ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో చేరుతున్నాయని దేశమంతా వణికిపోయింది గదా. తాండూరులోనూ భజనలు, హోమాలు జరిగాయి. నేల చీలుతుందని కొందరు ఇంట్లో సామాను బయట పెట్టుకున్నారు. బావ ఆ మూడు రోజులూ ఎప్పటిలా బడికి పోయి, ఎప్పటిలా ఇంట్లో పడుకుని, భయపడి వచ్చినవాళ్ళకు చాయ్ పోయించి పంపాడు. ఆకాశం పని ఆకాశంది, నేల పని నేలది అనేవాడు. ఏమీ కాలేదు. నాలుగో రోజు ఆయన బజారులో నడుస్తుంటే జనం లేచి నమస్కారాలు పెట్టారు. పదిహేనేళ్ళ బిడ్డ తండ్రి పక్కన తల ఎత్తుకుని నడిచింది. నాయిన చెబితే అంతే అనే నమ్మకం దానికి ఆ రోజుల్లోనే గట్టిపడింది.

ఆ తర్వాత రెండేళ్ళకు దాని పెళ్ళి అయింది. పరిగి వైపు పిల్లవాడు, మంచివాడు. కొయినా ఆనకట్ట దగ్గర కరెంటు తయారుచేసే చోట ఫిట్టరు పని. పడమటి కొండల్లో ఎక్కడో మరాఠీ దేశం. అంత దూరమా అని అక్క ఏడ్చింది. ఏడాది తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే ఇప్పుడు మాకు మిగిలింది.

అరవై ఏడులో, వానలు వెనకబడుతున్న రోజుల్లో, కొయినాలో నేల ఒకసారి గట్టిగా కదిలింది. గోడలు బీటలు వారాయి. బిడ్డ బతుకమ్మ పండుగకని చంకన పిల్లతో తాండూరు వచ్చింది. నేనూ వికారాబాదు నుంచి వచ్చాను. దాని ముఖం చూసి మేం భయపడ్డాం. గిన్నె జారి పడినా ఉలిక్కిపడేది. మంచం కదిలితే లేచి కూర్చునేది. పండుగ అయిపోయింది. అల్లుడు తీసుకుపోవడానికి వచ్చాడు. బయల్దేరే రోజు పొద్దున అది తండ్రి ఎదురుగా కూర్చుంది. నేను పిల్లకు పాలు పడుతున్నాను.

“నాయినా, మల్ల వస్తదా?” అని అడిగింది.

బిడ్డ ఆయన ముఖమే చూస్తోంది. దాని చేతులు వణుకుతున్నాయి. ఆయన ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు.

“రాదు బిడ్డా. కదిలింది, సర్దుకున్నది. ఇగ రాదు. ఫికర్ చేయకు.”

అక్కకు ఆ మాట సరిపోలేదు. బిడ్డను ఆపలేకపోయింది గాని, మనవరాలిని సంక్రాంతి దాకా నా దగ్గర ఉంచిపో, అక్కడ చలి మస్తుంటదట అని పట్టుబట్టింది. బిడ్డ ఒప్పుకుంది. రైలెక్కేటప్పుడు పిల్ల ఏడుస్తుంటే, ఊకో, అమ్మమ్మ ఉన్నది గద అని నవ్వించబోయింది. అదే మేం దాన్ని ఆఖరిసారి చూడడం.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున తాండూరులోనూ నేల కదిలింది. అటక మీది ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తగిలి మోగాయట. జనం కంబళ్ళు కప్పుకుని వీధిలోకి వచ్చారు. బావ అందరికీ ధైర్యం చెప్పాడు. ఇది జల్‌జలానే, కాని ఎక్కడో దూరాన అయింది, మనకేం భయం లేదు, పోయి పండుకోండి అన్నాడు. వాళ్ళు లోపలికి పోయారు. ఆయన మొహం కడుక్కుని, చాయ్ తాగి, బడికి పోయాడు. రీడింగు రూము రేడియోలో వార్త వచ్చేసరికి ఆయన ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాడు. ఎవరో పోయి కొయినా అన్నారు. చేతిలో పుస్తకం మూయకుండానే బడి మెట్లు దిగి స్టేషనుకు నడిచాడట.

వికారాబాదులో మాకు కబురు అందగానే మా ఆయన వాడి జంక్షను దాకా పోయి ఆయన్ని కలుసుకుని, వెంట వెళ్ళాడు. ఎన్ని బండ్లు మారారో, లారీల్లో ఎంత దూరం పోయారో. వాళ్ళు చేరేసరికి అంతా అయిపోయింది. అల్లుడు రాత్రి పనిలో ఉండి బతికాడు. రాతి గోడల ఇల్లు నిద్రపోతున్న బిడ్డ మీద పడింది. అప్పటికే మట్టి చేశారు, ఇక చూపించడానికి ఏముంటుంది. బావ ఆ రాళ్ళ కుప్ప దగ్గర కూర్చుని ఒక్కొక్క రాయినీ తీసి పక్కన పెడుతూ పోయాడనీ, అల్లుడు వచ్చి చేతులు పట్టుకునేదాకా ఆపలేదనీ మా ఆయన చెప్పాడు.

బావ ఇంటికి తిరిగొచ్చినప్పుడు నేను అక్క దగ్గరే ఉన్నాను. ఆయన గడపలో నిలబడ్డాడు. అక్క ఆయన ముఖం చూసి నేల మీద కూలబడింది. బావ ఆమె దగ్గరికి పోలేదు. నన్ను చూసి, “రేడియో ఎన్నడు బందయింది?” అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పులతోనే రీడింగు రూముకు పోయాడు. నేను వెనక పరుగెత్తాను. ఆ నెలలో ఒక మధ్యాహ్నం రేడియో మూగబోయిందనీ, తానప్పుడు పక్కనే ఉండి నవ్వాననీ, అది ఏ రోజో చెప్పమనీ అక్కడివాళ్ళను అడిగాడు. వాళ్ళకు గుర్తులేదు. ఎదుటి చాయ్ హోటలు ఆయనను అడిగాడు. బండల లారీలు నింపేవాళ్ళను అడిగాడు. దారిన పోయే పిల్లల్ని ఆపి అడిగాడు. ఆ రోజు శనివారమా, అంగడి రోజా, భూకంపానికి ముందటి వారమా, ఆ పై వారమా. ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు? రేడియో ఆగింది, మళ్ళీ వచ్చింది. సారు బిడ్డ పోయిందని తెలిసినవాళ్ళు జాలిపడి, ఏదో ఒక రోజు చెప్పేశారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. ఆయన మరింత చిక్కుల్లో పడ్డాడు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. సూర్యుడి రవ్వకూ భూమి కదలడానికీ సంబంధం ఉందా, లేదా. బడికి పోయేవాడు, పాఠం సగంలో ఆపి కిటికీలోంచి బయటికి చూసేవాడు. దొరికిన పేపరల్లా చదివేవాడు. ఆనకట్ట నీళ్ళ బరువుకే నేల కదిలిందని కొందరు అంటున్నారని మా ఆయన చెబితే, అదీ చదివాడు. కాదనలేదు, అవుననలేదు. ఆయనకు ఆ నీళ్ళతో పనిలేదు. తాను చూసింది నీళ్ళను కాదు, సూర్యుణ్ణి. ఆ కార్తీకమంతా పడమటి గది గోడ మీద మచ్చలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు.

ఎండాకాలం మొదట్లో హైదరాబాదు పోయి, నక్షత్రాలను చూసే చోట పనిచేసే పెద్దమనిషిని కలిశాడు. తిరుగు ప్రయాణంలో వికారాబాదులో దిగి మా ఇంటికి వచ్చాడు. అన్నం పెడితే కంచం ముందు కూర్చున్నాడు గాని చెయ్యి పెట్టలేదు. ఆ పెద్దమనిషి ఓపికగా అంతా విన్నాడట. సూర్యుడి మీద ఎప్పుడూ ఏదో ఒక రవ్వ లేస్తూనే ఉంటుందనీ, భూమ్మీద ఎక్కడో ఒకచోట నేల కదులుతూనే ఉంటుందనీ, ఏ భూకంపానికి ముందు వెతికినా ఒక రవ్వ దొరుకుతుందనీ, అంతమాత్రాన దీనివల్ల అది అయిందని చెప్పలేమనీ అన్నాడట. ఉందని తేలలేదు. లేదని కూడా పూర్తిగా తేలలేదు. వెతికేవాళ్ళు వెతుకుతున్నారు. బావ పదిహేనేళ్ళ కింద మా తరగతిలో చెప్పింది కూడా ఇదే.

“లేదనే అనుకో బావా,” అన్నాను నేను.

“లేదంటే నా బిడ్డ ఊకెనే సచ్చిపోయినట్టు. ఉన్నదంటే, కండ్ల ముంగట చూసుకుంట చూసుకుంట నేనే దాన్ని పంపినట్టు. గీ రెండిట్ల ఏది అనుకుంటె నిద్ర వస్తది మరదలా?”

ఆయన కంచం పక్కకు జరిపాడు.

“ఊరందరికి తెల్వదు, తెల్వదు అని చెప్పినోన్ని. నా బిడ్డ అడిగితె ఆ మాట నోట్లెకెళ్ళి రాలె. దాని చేతులు వణుకుతుంటె ఎట్లంటరు తెల్వదని? అని ఉంటె అది ఇంట్లనే ఉంటుండె.”

అంతకంటే ఆయన నాతో ఎప్పుడూ చెప్పుకోలేదు. నేను ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. బిడ్డ అంత భయంతో ముఖంలోకి చూస్తుంటే తెలియదని చెప్పగల తండ్రి ఎవరైనా ఉంటాడా? ఆయన ఆ పొద్దున సారుగా మాట్లాడలేదు, నాయినగా మాట్లాడాడు. దానికే ఆఖరిదాకా కాలిపోయాడు.

ఆ ఎండాకాలంలోనే మొదటిసారి ఊరిని హెచ్చరించాడు. గోడ మీద పెద్ద మచ్చ కనబడింది. రేడియో మూగబోయింది. ఆయన ఇల్లిల్లూ తిరిగి, నాలుగు రోజులు ఎవరూ ఇంట్లో పడుకోవద్దన్నాడు. అష్టగ్రహాల నాడు ఏమీ కాదన్న సారు ఇప్పుడు అవుతుందంటే జనం నమ్మారు. వీధంతా మంచాలు బయట వేసుకున్నారు. ఏమీ కాలేదు. రెండోసారి పక్కిళ్ళవాళ్ళు మాత్రం బయట పడుకున్నారు. ఏమీ కాలేదు. మూడోసారికి బండల గనిలో పనిచేసే కన్నడపు ముసలమ్మ ఒక్కతే అడిగింది. “ఇవత్తూ హొరగేనా మేష్ట్రే?” ఇవాళ కూడా బయటేనా సారూ అని. ఆమె ఎగతాళికి అడగలేదు. అయినా వీధిలో కొందరు నవ్వారు. పిల్లలు జడుసుకుంటున్నారని తల్లిదండ్రులు బడికి వచ్చి చెప్పారు. హెడ్‌మాస్టరు ఆయన్ని ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. బావ మారుమాట్లాడకుండా బడి మానేశాడు.

ఎన్నిసార్లు చెప్పినా అన్నిసార్లూ పిల్లను తీసుకుని బయటికి వచ్చింది మా అక్క ఒక్కతే. వానలో కూడా చూరు కింద చాప వేసుకుంది. నువ్వు కూడా నమ్ముతున్నావా అక్కా అని నేను కోపంగానే అడిగాను.

“నమ్ముడేంది చెల్లె. లోపల పండుకుంటే ఆయన కప్పు దిక్కే చూస్తడు. బయటైతె జరసేపన్న కన్ను మూస్తడు,” అంది.

ఆమెకు కూడా ఆ బిడ్డ బిడ్డే. కాని ఆమె ఏడుపు ఎవరూ చూడలేదు. ఆమె ఏడిస్తే ఆయన ఏమైపోతాడో అని భయం. రొట్టెలు చేసేటప్పుడు పొగ మీద పెట్టి ఏడ్చేది.

పోయిన చలికాలానికి ఆయనకు గోడ మీది బొమ్మ సరిపోలేదు. అందులో ఏదో తప్పిపోతోందన్నాడు. దుర్బీన్‌కు కన్ను పెట్టి నేరుగా చూడసాగాడు. అక్క దాన్ని దాచిపెడితే, వాకిట్లో నిలబడి ఒట్టి కళ్ళతో చూశాడు. మేం చెయ్యి అడ్డం పెట్టాం, తిట్టాం, కాళ్ళు పట్టుకున్నాం. లాభం లేకపోయింది. కొన్నాళ్ళకు ఆయన చూపు మధ్యలో ఒక నల్లటి చుక్క నిలిచిపోయింది. దేన్ని చూసినా సరిగ్గా నడుమ అదే. మచ్చ సూర్యుడి మీద ఉన్నదో, నా కంట్ల ఉన్నదో తెలుస్తలేదు అని నాతో అన్నాడు. గోడ తడుముతూ నిలబడి అన్నాడు. అప్పటిదాకా చూసినదంతా కూడా ఆయనకు అనుమానమైపోయింది.

మనవరాలి ముఖం కూడా ఆయనకు కనిపించకుండా పోయింది. నేరుగా చూస్తే దాని జుట్టు, చెవులు, భుజాలు కనిపించేవి, ముఖం ఉండాల్సిన చోట చుక్క. అందుకని తల పక్కకు తిప్పి, ఎటో చూస్తున్నట్టు కూర్చుని దాన్ని చూసేవాడు. పిల్లకు అది ఆట అనిపించేది. అదీ తల పక్కకు తిప్పి ఆయన్ని చూసేది. వాళ్ళిద్దరూ అలా ఒకరికొకరు పెడమొహం పెట్టుకుని చూసుకుంటుంటే నేను అక్కడ నిలబడలేకపోయేదాన్ని.

దసరాకు ముందు నేను ఆయన్ని ఆఖరిసారి చూశాను. నన్ను చెయ్యి పట్టుకుని పడమటి గదిలోకి తీసుకుపోయాడు. దుర్బీన్ మళ్ళీ చిల్లులో పెట్టించి, గోడ మీద ఏమున్నదో చెప్పమన్నాడు. అబద్ధం చెప్పాలనుకున్నాను. ఆయన ముందు నోరు రాలేదు.

“ఉన్నయి బావా. ఒకటి పెద్దగనే ఉన్నది.”

ఆయన గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

“చూస్తె చూసిన. రేపో మాపో యాడనో కదుల్తదనే అనుకుందాం. అది యాడనో సూర్యుడు చెప్పడు గద. ఏ ఊరోళ్ళను లేపాలె మరదలా నేను?”

ఆ గదిలో సూర్యుడు గోడ మీద మెల్లగా పక్కకు జరిగిపోతున్నాడు. నేను దుర్బీన్ తీసి, కిటికీ తెరిచాను.

చనిపోయే ముందటి వారం మనవరాలు ఆయన్ని, తాతా, భూమి ఎందుకు కదుల్తది, మల్ల కదుల్తదా అని అడిగిందట. వీధిలో పిల్లలు ఏదో అంటే విని వచ్చింది. బావ చాలాసేపు తల పక్కకు తిప్పి దాన్ని చూశాడట. తెల్వదు బిడ్డా అన్నాడట. మునుపు ఏ పిల్లవాడు అడిగినా సులువుగా అనే మాటే ఆయన్ని విరిచేసిందని అక్క చెప్పింది. ఆయనకు శాంతి దొరికిందని రాస్తే బాగుంటుంది. నేను చూసినంతలో దొరకలేదు.

మాలో మట్టి చేస్తారు. ఊరి బయట, కొత్త గనులకు ఇవతల మా వాళ్ళ చోటు. అక్కడ రెండు జానల మట్టి కింద అంతా బండే. గనిలో పనిచేసే ఆయన పాత విద్యార్థులు గడ్డపారలు తెచ్చి పొద్దుటి నుంచి కొడుతున్నారు. మేం పోయేసరికి ఇంకా కొడుతూనే ఉన్నారు. ఏడాదిగా ఆయన్ని చూసి నవ్వినవాళ్ళలో చాలామంది వచ్చారు. ఒకాయన నా దగ్గరికి వచ్చి, సార్ చెప్పినప్పుడు మేము ఊకె వింటే అయిపోతుండె, బయట పండుకుంటే మాకేం పోతుండె అన్నాడు. నేను తల ఊపాను.

అల్లుడు కొయినా నుంచి రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. మనవరాలే గుప్పెడు మట్టి వేసింది. అందరూ వేశారు. పని అయిపోయాక, స్నానాలు చేయాలని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను అక్కను లేపబోయాను. జర ఆగు అంది.

అక్కడ చెట్టు లేదు. తవ్విపోసిన రాతిముక్కల మీద ఎండ నిప్పులా పడుతోంది. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి అలసిన పిల్ల అక్క ఒళ్ళో వెల్లకిలా నిద్రపోయింది. ఎండకు దాని కనురెప్పలు ముడుచుకుంటున్నాయి. అక్క కొంగు రెండు చేతులతో విప్పి, పిల్ల ముఖానికి అడ్డంగా పైకెత్తి పట్టుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. కొంగు అంచు కదిలినప్పుడల్లా ఎండ ఒక చారలా పిల్ల నుదుటి మీదికి వచ్చేది. అక్క ఆ వైపుకు కొంగు జరిపి, మళ్ళీ నీడ చేసేది.